రొయ్య రేటు పడింది, బ్యాంకు వడ్డీ తగ్గింది, బంగారం పెరిగింది: ఉన్న డబ్బు ఎటు మళ్ళించాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు 56 ఏళ్ళు, మా వారికి 61. నాలుగెకరాల రొయ్యల చెరువులు సొంతంగా చేసుకుంటున్నాం. రెండెకరాల వరి చేను కౌలుకిచ్చాం. బ్యాంకులో 22 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. 2023లో 7.25 శాతానికి వేశాం. వచ్చే నెల గడువు తీరుతుంది. ఇప్పుడు తిరిగి వేస్తే 6.25 శాతమే అంటున్నారు. ఊళ్ళో ఇంకో 12 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తిప్పుతున్నాం. అందులో 8 లక్షలు ఒక మేతల షాపు ఆయనకీ, మా పక్క చెరువు రైతుకీ ఇచ్చాం. అమెరికా సుంకం వేశాక రొయ్య రేటు పడిపోయి, ఆగస్టు నుంచి ఇద్దరూ వడ్డీ ఇవ్వడం లేదు. చెరువు డబ్బు చెరువుకే సరిపోతుంది, ఇల్లు గడిచేది ఈ వడ్డీల మీదే. నా దగ్గర 40 కాసుల బంగారం ఉంది. మా అబ్బాయికి డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడు చెప్పాడని ఏడాదిన్నరగా నెలకు 15 వేలు స్మాల్‌క్యాప్ (చిన్న కంపెనీల షేర్ల) ఫండ్‌లో సిప్ కడుతున్నాం. కట్టినదాని కంటే కొంచెం తక్కువే చూపిస్తోంది. అమ్మాయి పెళ్ళి రెండేళ్ళలో చెయ్యాలి, బంగారం కాకుండా 10 లక్షలు అవుతుందనుకుంటున్నాం.

మా తోడికోడలు ఫిక్స్‌డ్ తీసేసి బంగారం కొనమంటుంది. మా తమ్ముడు, పక్క ఊళ్ళో వరి చేను ఎకరం 40 లక్షలకు వస్తుంది, ఫిక్స్‌డు తీసి కొంత బంగారం అమ్మి కొనెయ్యమంటున్నాడు. అబ్బాయేమో వడ్డీలు తగ్గుతున్నప్పుడు షేర్లే పెరుగుతాయి, సిప్ రెట్టింపు చెయ్యమంటున్నాడు. రోజులు మారుతున్నాయని అందరూ అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, దాపరికం లేకుండా లెక్కలన్నీ రాశారు. అందువల్ల నేనూ సూటిగా చెప్పగలుగుతున్నాను. మీరు మూడు సలహాల గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ మూడూ కావు. మీరు మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతి: ఆగస్టు నుంచి వడ్డీ రావడం లేదని. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఫిక్స్‌డ్ డిపాజిట్ రేటు తగ్గడం వల్ల మీకు పోయేదెంత? 22 లక్షల మీద 7.25 శాతం అంటే ఏడాదికి 1,59,500. 6.25 శాతం అంటే 1,37,500. తేడా 22 వేలు, నెలకు రెండు వేల లోపే. ఇప్పుడు రెండో లెక్క చూడండి. 8 లక్షల మీద రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 16 వేలు, ఏడాదికి 1,92,000. అది ఇప్పటికే ఆగిపోయింది. వడ్డీ సంగతి అలా ఉంచి, 8 లక్షల అసలే ప్రశ్నలో పడింది. బ్యాంకు తగ్గించిన రెండు వేల కోసం ఇంట్లో చర్చ జరుగుతోంది, ఊళ్ళో ఆగిన 16 వేల గురించి ఎవరూ మాట్లాడటం లేదు. మొహమాటం వల్ల ఇలా జరుగుతుందని నాకు తెలుసు. పక్క చెరువాయన, రోజూ గట్టు మీద ఎదురుపడే మనిషి, ఎలా అడుగుతాం అనిపిస్తుంది. కానీ అడగాలి.

ముందు అప్పిచ్చినప్పుడు రాయించుకున్న ఆ రెండు ప్రో నోట్లూ బీరువాలోంచి బయటికి తీయండి. తేదీలు చూడండి. అడిగినప్పుడు చెల్లిస్తానని రాసిన నోటుకు, రాసిన తేదీ నుంచి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది. ఆ తర్వాత కోర్టుకెళ్ళినా నిలబడదు. మూడేళ్ళు నిండకముందే ఎంతో కొంత, ఐదు వేలైనా సరే, జమ కట్టించుకుని నోటు వెనకాల వాళ్ళ చేత్తో చెల్లు రాయించి, తేదీ వేయించి, సంతకం పెట్టించుకుంటే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు గడువు వస్తుంది. ఊళ్ళో చాలామంది ఇది తెలిసి కూడా, మనవాడేగా అని వదిలేస్తారు. మీరు వదలొద్దు. ఏ నోటు పాతదో దాన్ని ఈ వారంలోనే చూడండి.

తర్వాత ఇద్దరితోనూ కూర్చుని మాట్లాడండి, విడివిడిగా. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రొయ్య రేటు బాగున్నప్పుడే అది కష్టం, ఇప్పుడు అసాధ్యం. పాత వడ్డీయే కావాలని పట్టుబడితే వాళ్ళు మొహం చాటేస్తారు. అందుకని వడ్డీ రూపాయికో, అర్ధరూపాయికో దించి, ప్రతి పట్టుబడికీ, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మినప్పుడల్లా, అసలులో ఇంత అని ఒప్పందం రాసుకోండి. పక్క రైతుకు పట్టుబడి ఎప్పుడో మీకు తెలుస్తుంది, ఐస్ వ్యాను గట్టు మీదికి వచ్చేది మీ కళ్ళ ముందు నుంచేగా. మేతల షాపాయన పరిస్థితి వేరు. ఆయన నలభై మందికి మేత అరువిచ్చి ఉంటాడు, వాళ్ళందరూ ఇస్తేగానీ మీకివ్వలేడు. ఆయన దగ్గర స్థలమో, గోడౌనో ఉంటే, ఒక వకీలును కలిసి తనఖా రాయించుకునే మార్గం ఉందేమో కనుక్కోండి. మీ చెరువుకు మేత ఎలాగూ కావాలి కనుక బాకీలో కొంత మేత రూపంలో తీసుకునే వీలుంటే అదీ మంచిదే. ఏదైనా సరే, వడ్డీ వదులుకోవలసి వచ్చినా అసలు రాబట్టడమే ఇప్పుడు మీరు చేయగలిగే అన్నిటికన్నా మంచి పెట్టుబడి. ఏ ఫండూ, ఏ బంగారమూ ఆ 8 లక్షలకు సాటి రాదు.

ఇక మీరడిగిన పెద్ద ప్రశ్నకు వస్తాను. రోజులు మారినప్పుడు పెట్టుబడి ఎలా మార్చుకోవాలి?

మీ ఆస్తులన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన దీనికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అని రాయండి. చెరువుకు డబ్బు రొయ్య నుంచి, రొయ్యకు అమెరికా నుంచి. మేతల షాపుకిచ్చిన అప్పుకు డబ్బు చెరువుల నుంచి. పక్క రైతు అప్పుకూ అంతే. మీ పొలం విలువ? మన పక్క ఎకరం ధర ఇంత పలకడానికి చెరువుల డబ్బు ఒక పెద్ద కారణం. మీ అబ్బాయి జీతం? అదీ అమెరికా నుంచే, అదీ అక్కడి ప్రభుత్వ నిర్ణయాల మీద ఆధారపడి. కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము 2025 సెప్టెంబరులో ఎలా ఊడిపడిందో చూశాం కదా. ఆరు చేలున్నాయని ధైర్యంగా ఉన్నాం గానీ, ఆరింటికీ నీళ్ళు ఒకే బోదె నుంచి వస్తున్నాయి. ఆ బోదె కట్టేసిన నాడు ఆరూ ఒకేసారి ఎండుతాయి. ఆగస్టులో మీ ఇంట్లో జరిగింది అదే. చెరువు ఆదాయం తగ్గిన నెలలోనే అప్పుల వడ్డీ కూడా ఆగింది. అది యాదృచ్ఛికం కాదు.

జరిగిందేమిటో మీకు తెలిసిందే అయినా లెక్క కోసం చెబుతున్నాను. మన దేశం సరుకు మీద అమెరికా 2025 ఆగస్టు 7న 25 శాతం సుంకం వేసింది, ఆగస్టు 27 నుంచి దాన్ని 50 శాతం చేసింది. రొయ్యల మీద యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది) లాంటి పాత సుంకాలు దానికి అదనం. మనతో పోటీ పడే ఈక్వెడార్ రొయ్యకు అప్పుడు సుంకం అంతకంటే చాలా తక్కువ, దూరమూ తక్కువే. మన దేశపు రొయ్యకు అన్నిటికన్నా పెద్ద గిరాకీ అమెరికాదే. అందులోనూ 50 కౌంట్ లోపు, అంటే కిలోకు 50 కంటే తక్కువ తూగే పెద్ద రొయ్య ఎక్కువగా అటే వెళ్తుంది. నిన్నటిదాకా కౌంట్ పెరిగేకొద్దీ నష్టం, రొయ్య పెరిగేకొద్దీ లాభం అనుకున్న రైతు, ఇప్పుడు 100 కౌంట్‌కే పట్టేద్దామా అని ఆలోచించే పరిస్థితి వచ్చింది. రూపాయి బలహీనపడి 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. మామూలు రోజుల్లో అయితే అది ఎగుమతిదారుకు కలిసొచ్చేది. అప్పటి 50 శాతం సుంకం ముందు అది ఏ మూలకు వచ్చింది?

గోదావరి జిల్లాలకు ఇది కొత్త కూడా కాదు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చినప్పుడు వరి చేలు తవ్వి చెరువులు చేసినవాళ్ళు, తెల్లమచ్చ వైరస్ వచ్చాక ఏమైపోయారో మీ వారికి బాగా గుర్తుండే ఉంటుంది. అప్పుడు దెబ్బ రోగం నుంచి వచ్చింది, ఇప్పుడు సుంకం నుంచి. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్ళీ కోలుకున్నాం. ఈసారీ కోలుకుంటాం అనే నా నమ్మకం. సుంకాలు రాజకీయంతో వచ్చాయి, రాజకీయంతోనే మారతాయి. అయితే ఎప్పుడు మారతాయన్నది ఎవరూ చెప్పలేరు కనుక, ఆ తేదీ మీద పందెం కట్టే స్థితిలో ఇంటి ఖర్చును ఉంచకూడదు.

ఇప్పుడు మీ ముగ్గురు సలహాదారుల మాట. వాళ్ళు మీ మేలు కోరేవాళ్ళే. కాకపోతే ముగ్గురూ ఇప్పటికే పెరిగిపోయిన దాన్ని చూపించి, ఇకముందూ పెరుగుతుందంటున్నారు.

బంగారం తీసుకోండి. 2025 మొదట్లో 10 గ్రాముల మేలిమి బంగారం 80 వేల లోపు ఉండేది. డిసెంబరుకు లక్షా 30 వేలు దాటింది. దీనికి కారణాలు గట్టివే. 2022 నుంచి 2024 దాకా ప్రపంచంలోని కేంద్ర బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. 2025లో అమెరికాలో వడ్డీ రేట్లు దిగాయి, యుద్ధ భయాలున్నాయి, మన రూపాయి తగ్గింది. అయితే ఆ కారణాలన్నీ ఇప్పుడున్న ధరలోనే కలిసిపోయి ఉన్నాయి. బంగారం ఎప్పుడూ పెరుగుతుందనే మాట నిజం కాదు. 2012లో 31 వేల దగ్గరున్న తులం 2015కు 26 వేలకు దిగింది. 1980లో ఔన్సు 850 డాలర్లు తాకిన బంగారం 2001 నాటికి 255 డాలర్ల దగ్గర ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా అలా పడి ఉండటం చిన్న విషయం కాదు.

మీ విషయంలో ఇంకో పెద్ద కారణం ఉంది. 40 కాసులంటే 320 గ్రాములు. నగల బంగారం గ్రాము 12 వేల చొప్పున వేసుకున్నా 38 లక్షల పైమాట. పొలం, చెరువులు పక్కన పెడితే మీకున్న మిగతా సొత్తులో సగానికి పైగా బంగారమే. తోడికోడలు గారికి బంగారం లేక కొంటున్నారేమో, మీకు మాత్రం కావలసిన దానికంటే ఎక్కువే ఉంది. ధర పెరిగిన మేలు ఇప్పటికే మీకు దక్కింది. కొత్తగా కొంటే తరుగు, మజూరీ, జీఎస్‌టీ కింద కొనేటప్పుడే కొంత పోతుంది. కొనొద్దు. అలాగని అమ్మనూ వద్దు. అమ్మాయికి పెట్టదలచుకున్నది ఎంతో ఇప్పుడే విడిగా తీసి పెట్టండి. మిగిలినది మీ ఇంటికి ఆపద్ధనం. ఏదైనా పంట మధ్యలో దెబ్బతిని చేతిలో డబ్బు లేకపోతే, ఊళ్ళో రెండు రూపాయలకు తెచ్చే బదులు నాలుగైదు కాసులు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోండి. 24 శాతం ఎక్కడ, బ్యాంకు గోల్డ్ లోనుకు పడే తొమ్మిది శాతం అటూ ఇటూ ఎక్కడ? ఒక్క జాగ్రత్త, ధర మండిపోతున్నప్పుడు బ్యాంకు ఇస్తానన్నంతా తీసుకోకండి. రేటు దిగితే అప్పు కట్టలేక నగ పోగొట్టుకునేది ఇక్కడే.

తమ్ముడు చెప్పిన పొలం గురించి ఎక్కువ మాట్లాడాల్సిన పని లేదు. ఎకరం 40 లక్షలు. మీ రెండెకరాలకు ఇప్పుడు కౌలు ఎంత వస్తోందో రాయలేదు. సార్వా, దాళ్వా రెండూ కలిపి ఎకరానికి 50 వేలు వస్తుందనుకుందాం. అది 40 లక్షల మీద ఒకటింపావు శాతం. మిగతాదంతా ధర పెరుగుతుందన్న ఆశే. ధర పెరగాలంటే చెరువుల్లో డబ్బు ఆడాలి. మళ్ళీ అదే బోదె. పైగా పెళ్ళి వేళకు పొలం అమ్ముదామంటే, డబ్బు అందరికీ బిగుసుకున్న ఈ రోజుల్లో కొనేవాడు దొరకడు, దొరికినా అరకొర ధర చెబుతాడు. ఉన్న ఆరెకరాలూ ఉంచుకోండి. కొత్తది వద్దని తమ్ముడికి నెమ్మదిగా చెప్పండి.

అబ్బాయి మాటలో సగం నిజం ఉంది. వడ్డీ రేట్లు దిగినప్పుడు కంపెనీలకు అప్పు చవకవుతుంది, ఫిక్స్‌డ్ మీద వచ్చేది తగ్గి జనం షేర్ల వైపు చూస్తారు. కరోనా రోజుల్లో రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 4 శాతానికి దించింది, షేర్లు పరుగెత్తాయి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు అదే రేటు 6.5 శాతానికి ఎక్కింది. మీ 7.25 శాతం డిపాజిట్ ఆ ఎక్కిన కాలపు ఫలమే. 2025లో ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్, డిసెంబరు నెలల్లో తగ్గిస్తూ వచ్చి 5.25కు చేర్చారు. కానీ రేటు తగ్గితే షేరు పెరగాలన్న రూలేమీ లేదు. 2024 సెప్టెంబరు చివర్లో 26 వేలు దాటిన నిఫ్టీ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ), రిజర్వు బ్యాంకు మొదటి కోత వేసిన కొద్ది వారాలకే, 2025 మార్చి మొదట్లో 22 వేల దగ్గరికి దిగింది. చిన్న కంపెనీల షేర్లు అంతకంటే ఘోరంగా పడ్డాయి. మీ సిప్ మొదలైంది సరిగ్గా ఆ శిఖరం దగ్గర్లో. అందుకే ఆ ఎర్ర అంకె. అందులో మీ తప్పు లేదు, భయపడి తీసేయాల్సినంత నష్టమూ లేదు.

అయితే రెట్టింపు మాత్రం చెయ్యొద్దు. ఆ 15 వేలు ఎక్కడి నుంచి కడుతున్నారు? బహుశా ఊళ్ళో వడ్డీ డబ్బుల నుంచి. ఆ డబ్బు ఇప్పుడు లేదు. కనుక సిప్‌ను 5 వేలకు తగ్గించండి. దాన్ని స్మాల్‌క్యాప్ నుంచి నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌కు మార్చండి. పాతది అలాగే ఉండనివ్వండి, కొత్త వాయిదాలు మాత్రమే ఇటు వెళ్ళేలా చూడండి. మీ వారి వయసుకూ, మీ ఆదాయానికీ చిన్న కంపెనీల ఊగిసలాట సరిపడదు. మీ ఆదాయం ఉద్యోగస్తుల్లా నెలనెలా వచ్చేది కాదు, పట్టుబడికోసారి వచ్చేది. అందుకని మంచి పట్టుబడి అయిన రోజున ఒక లక్షో, రెండు లక్షలో, కావలసినప్పుడు తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌లో వేసి, అక్కడి నుంచి నెలకు ఇంత ఇండెక్స్ ఫండ్‌కు వెళ్ళేలా ఎస్‌టీపీ పెట్టించుకోండి. పంట పోయిన ఏడాది కట్టలేకపోయామన్న బెంగ ఉండదు. ఏడేళ్ళ దాకా అవసరం పడని డబ్బే అక్కడ ఉండాలి.

నిజానికి మీ ఇంట్లో షేర్లు ఎక్కువ పెట్టగలిగినవాడు మీ అబ్బాయే. వయసుంది, జీతముంది. ఆ పని వాడు తన డబ్బుతో, అక్కడే చేసుకోవడం మంచిది. అమెరికాలో పన్ను కట్టేవాళ్ళు మన మ్యూచువల్ ఫండ్లు కొంటే అక్కడ పీఎఫ్‌ఐసీ అనే తలనొప్పి పన్ను నిబంధనలు వర్తిస్తాయి. ఆడిటరును అడగకుండా తన పేరున ఇక్కడ ఫండ్లు కొనొద్దని చెప్పండి. వాడు మీకు చేయగలిగిన అసలు సాయం వేరే ఉంది. అమ్మానాన్నలకు మంచి ఆరోగ్య బీమా తీయించడం. వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్‌టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా ఎత్తేశారు. మీరు బీమా మాటే రాయలేదు. ఒక్క ఆపరేషన్ వస్తే మీ ఫిక్స్‌డ్‌లో పావు వంతు పోతుంది. సంక్రాంతికి వాడొస్తే ఈ పని అయ్యాకే తిరిగి వెళ్ళమనండి.

ఇప్పుడు ఆ 22 లక్షలు.

బ్యాంకు 6.25 శాతం ఇస్తుందంటే తక్కువనిపిస్తోంది కదా. 2022 ఏప్రిల్‌లో ఫిక్స్‌డ్ డిపాజిట్ రేట్లు ఐదున్నర దరిదాపుల్లో ఉండేవి, ఆ నెలలో ధరల పెరుగుదల 7.79 శాతం. అంటే వడ్డీ తీసుకుంటూ కూడా నష్టపోతున్నాం. 2025 అక్టోబరులో ధరల పెరుగుదల 0.25 శాతానికి పడిపోయింది. మీ మందుల బిల్లు, కరెంటు బిల్లు అంత తక్కువగా పెరగలేదని నాకూ తెలుసు. అయినా పోల్చి చూస్తే ఈనాటి 6.25 ఆనాటి ఐదున్నర కంటే ఎంతో మేలు. రేటు చిన్నదైనంత మాత్రాన డిపాజిట్ చెడ్డదైపోదు.

పైగా మీకు ఇంకో దారి ఉంది. మీ వారికి 60 దాటాయి. పోస్టాఫీసులో గానీ, ప్రభుత్వ బ్యాంకులో గానీ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయొచ్చు. 2023 ఏప్రిల్ నుంచి దాని మీద 8.2 శాతం ఇస్తున్నారు, 30 లక్షల దాకా పెట్టొచ్చు. ప్రభుత్వం మూడు నెలలకోసారి ఈ రేటును సమీక్షిస్తుంది, కానీ మీరు వేసిన రోజున ఏ రేటుంటే ఐదేళ్ళూ అదే. వడ్డీలు దిగుతున్న కాలంలో ఈ ఒక్క లక్షణం కోసమే దీన్ని వదలకూడదు. మీ వారి పేరున 12 లక్షలు వేయండి, జాయింటుగా మీ పేరు పెట్టండి. మూడు నెలలకోసారి 24,600 వస్తుంది. మిగిలిన 10 లక్షలు పెళ్ళివి. వాటిని కదపొద్దు, షేర్ల దరిదాపులకు రానివ్వొద్దు. రెండేళ్ళ లోపు తీరేలా, ఐదేసి లక్షలుగా రెండు వేర్వేరు బ్యాంకుల్లో డిపాజిట్ చేయండి. ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది, కాబట్టి ఇలా విడదీస్తే అసలు గురించి నిశ్చింత, పైన చేరే వడ్డీకి మాత్రం ఆ బీమా ఉండదు.

లెక్క చూడండి. 12 లక్షల మీద ఏడాదికి 98,400. పది లక్షల మీద 6.25 చొప్పున 62,500. మొత్తం 1,60,900. సాదా వడ్డీ లెక్కన మీకు ఇప్పటిదాకా వస్తున్న 1,59,500 కంటే కాస్త ఎక్కువే. రేట్లు తగ్గాయన్న బాధ మీ ఇంటి వరకు ఇలా తీరిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ స్కీములో డబ్బు ఏడాది లోపు తీసేస్తే వడ్డీ రాదు, ఆ తర్వాత తీసినా అసలులో ఒకటి, ఒకటిన్నర శాతం కోస్తారు. అందుకే పెళ్ళి డబ్బు ఇందులో వేయొద్దన్నాను. దీని మీద వచ్చే వడ్డీ ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది, అదీ గమనించుకోండి.

ఊళ్ళో ఇచ్చిన అప్పుల్లో అసలు వసూలవుతూ ఉంటుంది కదా, ఆ డబ్బును మళ్ళీ ఎవరికీ తిప్పొద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను. మొదటి లక్షన్నర, రెండు లక్షలు సేవింగ్స్ ఖాతాలోనో, లిక్విడ్ ఫండ్‌లోనో ఇంటి ఖర్చుకు నిల్వగా ఉంచండి. ఆపైన వచ్చేది మీ పేరున పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో వేయండి. మీకు ఇంకా 60 రాలేదు కనుక ఇది మీకు సరిపోతుంది. దీని మీద కూడా 2023 ఏప్రిల్ నుంచి 7.4 శాతం ఇస్తున్నారు, ఒక్కరి పేరున 9 లక్షల దాకా వేయొచ్చు. రెండు రూపాయలతో పోలిస్తే చిన్నదే. కానీ ప్రతి నెలా వస్తుంది, రొయ్య రేటుతో దానికి సంబంధం లేదు. మీకు ఇప్పుడు కావలసింది ఈ సంబంధం లేకపోవడమే.

ఇంకో హెచ్చరిక. బ్యాంకు రేట్లు తగ్గిన ప్రతిసారీ 10 శాతం, 12 శాతం ఇస్తామంటూ సొసైటీలు, కంపెనీలు మన ఊళ్ళ మీదికి వస్తాయి. తెలిసిన కుర్రాడినే ఏజెంటుగా పెడతాయి. సహకార సొసైటీలకు ఆ 5 లక్షల డిపాజిట్ బీమా వర్తించదు. బ్యాంకు కానిదానికి, పేరులో ఏమున్నా, మీ డబ్బు ఇవ్వొద్దు.

చెరువు సంగతి కొంచెం. అది మీ వారి పని, ఎంత సీడ్ వేయాలో, ఏ కౌంట్‌కు పట్టాలో నాకంటే ఆయనకు బాగా తెలుసు. డబ్బు వైపు నుంచి మాత్రమే ఒక మాట. చెరువు కూడా మీ పెట్టుబడిలో భాగమే, నిజానికి అన్నిటికన్నా పెద్దదీ, అన్నిటికన్నా ప్రమాదమున్నదీ అదే. ఈ ఏడాది అప్పు తెచ్చి వేయాల్సి వస్తే నాలుగెకరాలూ వేయకండి, సొంత డబ్బు ఎంతవరకు వస్తే అంతవరకే వేయండి. కౌళ్ళు తగ్గాయి కదా, ఇంకో రెండెకరాలు పట్టుకుందామా అని ఎవరైనా అంటే, ఇప్పుడు కాదనండి. సీడ్, మేత, కరెంటు, ఏరియేటర్ల ఖర్చు మీరు అమ్మే రేటుతో పాటు తగ్గవు.

ఇవన్నీ ఒకేసారి చేయాల్సిన పనిలేదు. వరుస మాత్రం ఇలా ఉండాలి. ఈ వారం నోట్లు, వచ్చే నెల డిపాజిట్ గడువు తీరగానే పోస్టాఫీసు, అబ్బాయి వచ్చాక బీమా. డిపాజిట్ తీరే రోజుకు బ్యాంకులో ఆటో రెన్యువల్ పెట్టి ఉందేమో ముందే చూసుకోండి. ఉంటే ఇప్పుడే తీయించండి, తీయించకపోతే పాత కాలవ్యవధికే తిరిగి వేసేస్తారు, మధ్యలో తీస్తే వడ్డీలో కోత పడుతుంది. పోస్టాఫీసుకు వెళ్ళేటప్పుడు మీ ఇద్దరి ఆధార్, పాన్, ఫోటోలు, మీ వారి వయసు రుజువు తీసుకెళ్ళండి. ఆ రోజున రేటు ఎంతుందో అడిగి పాస్‌బుక్‌లో రాయించుకోండి, నామినీగా అమ్మాయి పేరో, అబ్బాయి పేరో తప్పకుండా వేయించండి.

ఆ రెండు ప్రో నోట్ల తేదీలు, ఇప్పటిదాకా వాటి మీద ఏమైనా చెల్లు రాయించారా లేదా, ఈ రెండూ నాకు రాసి పంపండి. ఏదైనా మూడేళ్ళకు దగ్గర పడి ఉంటే నా జవాబు కోసం కూడా ఆగకుండా పాలకొల్లులోనో, నరసాపురంలోనో మీకు తెలిసిన వకీలు దగ్గరికి వెంటనే వెళ్ళండి.